మోకాలి కింద ఎముక విరిగిన కేసు: కోర్టులో చూపడానికి వైద్య చిత్రాలు ఎలా వెతకాలి?

హనుమకొండ_జూనియర్
మోటారు ప్రమాద పరిహారం కేసులు ఎక్కువగా చూసే సీనియర్ దగ్గర పని చేస్తున్నాను. మా క్లయింటు ఎనుమాముల మార్కెట్ యార్డులో హమాలీ. జాతీయ రహదారి 163 మీద లారీ ఢీకొనడంతో ఆయన ఎడమ కాలు విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు గాని, మోకాలు ఇప్పటికీ సగం వరకే వంగుతోంది, బస్తా భుజాన వేసుకొని లారీ పలక ఎక్కలేకపోతున్నాడు. ఇదంతా పిటిషన్‌లో రాశాం. విచారణలో జడ్జి గారు సూటిగా ఒకే ప్రశ్న అడిగారు: విరిగింది మోకాలి కింది ఎముక అని మీరే రాశారు, మరి వంగనిది మోకాలు ఎందుకయింది? డాక్టరు గారి సాక్ష్యం నాటికి ఈ సంగతిని బొమ్మతో చూపగలిగితే మేలని సీనియర్ అన్నారు, ఆ పని నాకు అప్పగించారు. గూగుల్‌లో ‘లెగ్ ఫ్రాక్చర్’ అని వెతికితే మోకాలు పట్టుకొని కూర్చున్న విదేశీయుల ఫొటోలు, మోకాలి చుట్టూ ఎర్రటి వెలుగు పూసిన బొమ్మలు, అడ్డంగా వాటర్‌మార్క్ పడిన అమ్మకపు చిత్రాలు తప్ప పనికివచ్చేది ఒక్కటీ దొరకలేదు. ఇటువంటి చిత్రాలను మీరు ఎక్కడ, ఏ మాటలతో వెతుకుతారు?

ఎముకల_డాక్టర్_కరీంనగర్
ముందు కేస్ షీటు తెరవండి. డిశ్చార్జి సమ్మరీలో ‘డయాగ్నసిస్’ అన్నచోట ఏముందో, ఆపరేషన్ నోట్సులో ఏముందో మాట మార్చకుండా ఇక్కడ రాస్తే, వెతకవలసిన పేరు నేను చెప్పగలను. వైద్య చిత్రాలు తయారుచేసేవాళ్లు ఎముక పేరు, అందులో ఏ భాగం, విరిగిన తీరు, ఏ వైపు నుంచి చూస్తున్నాం అనే నాలుగు సంగతులతో బొమ్మకు పేరు పెడతారు. ‘లెగ్ ఫ్రాక్చర్’ అనే మాటలో వాటిలో ఒక్కటి కూడా లేదు.

హనుమకొండ_జూనియర్
‘క్లోజ్డ్ ఫ్రాక్చర్ ప్రాక్సిమల్ టిబియా లెఫ్ట్, ఓ.ఆర్.ఐ.ఎఫ్. విత్ డ్యుయల్ ప్లేటింగ్’ అని మాత్రమే ఉంది. ఓ.ఆర్.ఐ.ఎఫ్. అంటే కోసి తెరిచి ఎముకను లోపల బిగించడమట. సి.టి. స్కాన్ తీసినట్టు బిల్లు ఉంది, రిపోర్టు మాత్రం మా ఫైలులో లేదు.

మానేరు_గట్టు
బిల్లు భద్రంగా ఉండడం, రిపోర్టు పోవడం మన దగ్గర ప్రతి ఫైలుకూ ఆనవాయితీ.

ఎముకల_డాక్టర్_కరీంనగర్
జడ్జి గారి ప్రశ్నకు సమాధానం ఆ మొదటి పంక్తిలోనే ఉంది. ప్రాక్సిమల్ టిబియా అంటే మోకాలి కింది ఎముక పై కొన. తొడ ఎముక కింది కొన కూర్చునే పీట అదే. దాని పై తలాన్ని మేము టిబియల్ ప్లేటో అంటాం, ఆ తలం మీద మృదులాస్థి పొర ఉంటుంది. పగులు ఆ తలం గుండా పోతే అది కాలి ఎముక గాయం మాత్రమే కాదు, కీలు లోపలి గాయం కూడా అవుతుంది. తలం కుంగినా, మెట్టులా ఎగుడుదిగుడైనా, ప్లేట్లు వేసి అతికించిన తరువాత కూడా కీలు బిగుసుకుపోవడం, ముందుముందు అరగడం సాధారణం.

కాబట్టి మీరు వెతకవలసిన మాట ‘టిబియల్ ప్లేటో ఫ్రాక్చర్’. దీనికి షాట్జ్‌కర్ అనే వర్గీకరణ 1979 నుంచి వాడుకలో ఉంది, అందులో ఆరు రకాలు ఉన్నాయి. ఎ.ఓ. అనే ఎముకల శస్త్రవైద్య సంస్థ పద్ధతిలో ఎముకలకు అంకెలు ఇస్తారు. టిబియా పై కొనకు 41, కీలు తలం పూర్తిగా ఎముక కాండం నుంచి విడిపోతే దాని పక్కన ‘సి’ చేరుతుంది. ‘షాట్జ్‌కర్ టైప్’ అని రాసి రకం సంఖ్య చేరిస్తే మీకు కావలసిన రేఖాచిత్రాలే వరుసగా వస్తాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. రెండు ప్లేట్లు వేశారంటే లోపలి వైపు, బయటి వైపు రెండూ విరిగి ఉండవచ్చునని ఊహించవచ్చు గాని, ప్లేట్ల లెక్కను బట్టి రకాన్ని మీరు నిర్ణయించకండి. ఆసుపత్రి రికార్డుల విభాగానికి దరఖాస్తు పెట్టి సి.టి. రిపోర్టు తెప్పించండి, రకం ఏదో ఆపరేషన్ చేసిన డాక్టరు చేత రాయించండి. రెండో రకం గాయానికి ఆరో రకం బొమ్మ చూపిస్తే ఎదుటి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట నలిగేది ఆ డాక్టరే.

బీమా_వైపు_వకీలు
నేను ఎదుటి పక్షంలో నిలబడే మనిషిని, కాబట్టి ఈ చర్చలో నా మాట కొంత చేదుగా ఉండవచ్చు. ఇంటర్నెట్ నుంచి దించిన బొమ్మ నా ముందుకు వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, ఈ కాలు ఎవరిది అని. పిటిషనరుది కాదని సాక్షి ఒప్పుకోక తప్పదు. రెండో ప్రశ్న, ఇందులో పగులు మూడు ముక్కలుగా ఉంది, మీ ఎక్స్‌రేలో ఎన్ని ముక్కలు ఉన్నాయి అని. చాలాసార్లు సాక్షి అక్కడే తడబడతాడు. ఎర్రటి రంగులు, రక్తపు చారలు ఉన్న బొమ్మలు గాయాన్ని పెంచి చూపడానికే తప్ప వివరించడానికి కావని నా అభిప్రాయం. ఎక్స్‌రే ఫిల్ము ఉండగా బొమ్మ ఎందుకు?

చీకటి_గది
ఎక్స్‌రే ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చదవడం రోజూ అదే పని చేసే మాకే కష్టమైన రోజులు ఉంటాయి. కోర్టు హాలులో కిటికీ వెలుగుకు ఎత్తి చూపితే జడ్జి గారికి తెల్లటి ప్లేట్లు, స్క్రూలు తప్ప ఇంకేమీ కనబడదు. ఆపరేషన్ తరువాతి ఫిల్ములో లోహమే పగులును కప్పేస్తుంది. అందుకే ఎక్స్‌రే పక్కన రేఖాచిత్రం ఉండాలి. ఎక్స్‌రేను తీసేసి బొమ్మ పెట్టమని ఇక్కడ ఎవరూ అనలేదు.

ఓరుగల్లు_వకీలు
బీమా వైపు మిత్రుడు అడిగిన రెండు ప్రశ్నలూ న్యాయమైనవే, సమాధానం కూడా వాటిలోనే ఉంది. బొమ్మ దానంతట అది సాక్ష్యం కాదు, డాక్టరు చెప్పే నిపుణ అభిప్రాయాన్ని అర్థం చేయించే సాధనం. పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షన్‌గా ఉన్న నిపుణుల అభిప్రాయం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 39వ సెక్షన్. డాక్టరు చీఫ్‌లో, అంటే తనను పిలిచిన పక్షం వకీలు అడిగే మొదటి విచారణలో, ‘ఇది ఈ రోగి కాలు చిత్రం కాదు, ఇతని ఎక్స్‌రేలోనూ సి.టి.లోనూ నేను చూసిన పగులు ఈ రకానికి చెందినది, దాన్ని వివరించడానికి ఈ చిత్రాన్ని వాడుతున్నాను’ అని ముందే చెప్పేస్తే, ‘ఈ కాలు ఎవరిది’ అనే ప్రశ్నకు పదును ఉండదు. పైగా మోటారు వాహనాల చట్టం 169వ సెక్షన్ ఈ పరిహారం కేసులు విచారించే ట్రిబ్యునల్‌కు సంక్షిప్త విచారణ పద్ధతిని అనుమతిస్తోంది. సివిల్ దావాలో ఉన్నంత పట్టుదల అక్కడ ఉండదు.

జూనియర్ తమ్ముడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2010 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో చెప్పినది, కాలికి ఇంత శాతం అనే వైకల్యం వేరు, మొత్తం శరీరానికి ఎంత అన్నది వేరు, సంపాదన శక్తి ఎంత పోయిందన్నది మళ్లీ వేరు అని. ఆ మూడో లెక్క కోసం ఆ మనిషి ప్రమాదానికి ముందు ఏ పని చేసేవాడో, ఇప్పుడు ఏది చేయగలడో, ఏది చేయలేడో చూడాలి. గుమాస్తాకు మోకాలు సగం వంగితే ఒక లెక్క, హమాలీకి వంగితే ఇంకొక లెక్క. కాబట్టి మీరు వెతకవలసినది ఒక్క పగులు బొమ్మ కాదు. మోకాలు ఎంత కోణం వరకు వంగుతుందో చూపే చిత్రం కూడా కావాలి.

ఎముకల_డాక్టర్_కరీంనగర్
ఆ రెండోదానికి ‘నీ ఫ్లెక్షన్ రేంజ్ ఆఫ్ మోషన్’ అని వెతకండి. కోణమాపకం పెట్టి కొలిచిన చిత్రాలు కావాలంటే ‘గోనియోమీటర్’ చేర్చండి. ఆరోగ్యంగా ఉన్న మోకాలు సుమారు 135 డిగ్రీల వరకు వంగుతుంది. మెట్లు ఎక్కడానికి 90కి అటూ ఇటూగా చాలు, గొంతుకూర్చోవడానికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. మీ క్లయింటుకు డాక్టరు కొలిచి రాసిన కోణాన్ని ఆ చిత్రం మీద గీత గీసి చూపితే, వైకల్య శాతం కంటే అదే త్వరగా అర్థమవుతుంది.

హనుమకొండ_జూనియర్
‘టిబియల్ ప్లేటో’ అని కొట్టగానే ఫలితాలు మారిపోయాయి. ఇప్పుడు మరీ ఎక్కువ వస్తున్నాయి, ఏది నమ్మదగినదో తెలియడం లేదు.

గ్రంథాలయం_మూల
నేను వైద్య కళాశాల గ్రంథాలయాలలో పని చేసినదాన్ని. ఈ ప్రశ్న పి.జి. విద్యార్థులు రోజూ అడిగేవారు కాబట్టి కొంచెం విపులంగా రాస్తాను.

మామూలు చిత్రాల వెతుకులాటకు వెళ్లే ముందు నేరుగా మూలాల దగ్గరికి వెళ్లడం నా అలవాటు. సాధారణ శరీర నిర్మాణం చూపడానికి వికీమీడియా కామన్స్ మంచిది. గ్రేస్ అనాటమీ 1918 అమెరికన్ ముద్రణలోని చిత్రాలన్నీ అందులో అంకెలతో సహా ఉన్నాయి, వాటికి కాపీరైటు కాలం తీరిపోయింది. ఆ చిత్రాలలో చాలావాటికి మూలం 1858 నాటి మొదటి ముద్రణ కోసం హెన్రీ వాండైక్ కార్టర్ గీసినవి, ఆయన తరువాత బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీలో పని చేశాడు. నలుపు తెలుపు గీతలు కాబట్టి జిరాక్సులో కూడా చెడవు. మరింత సులభమైన రంగు చిత్రాలు కావాలంటే ఓపెన్‌స్టాక్స్ వారి శరీరధర్మ పాఠ్యపుస్తకం, సర్వియే మెడికల్ ఆర్ట్ ఉన్నాయి. మూలం పేర్కొంటే రెండింటినీ ఎవరైనా వాడుకోవచ్చు.

గాయం రకానికి, శస్త్రచికిత్స తీరుకు ఎ.ఓ. సర్జరీ రిఫరెన్స్‌ను మించినది నేను చూడలేదు. శరీర పటంలో ఎముక మీద నొక్కితే పగులు రకాలు, ఒక్కొక్క రకానికి వేసే ప్లేట్లు, స్క్రూలు క్రమంగా చూపిస్తుంది. చూడడం ఉచితమే గాని హక్కులు వారివే. వైద్య పత్రికల వ్యాసాలలోని బొమ్మలు కావాలంటే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ వారి ఓపెన్-ఐ ఉంది. అక్కడ ఎక్స్‌రే, సి.టి., ఎం.ఆర్.ఐ., గీసిన చిత్రం అని రకాన్ని బట్టి వడపోయవచ్చు, అనుమతిని బట్టి కూడా వడపోయవచ్చు. రేడియోపీడియా ఎక్స్‌రేల ఖని, అయితే అవి వేరే రోగుల ఫిల్ములు. పోల్చడానికి తప్ప ఫైలులో పెట్టడానికి అవి కావు.

గూగుల్‌లోనే వెతకాలంటే రెండు మూడు మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ‘పిక్చర్’ అనకుండా ‘డయాగ్రమ్’ అనో ‘లైన్ డ్రాయింగ్’ అనో రాయండి. దిక్కు తప్పకుండా చేర్చండి: ముందు నుంచి చూస్తే యాంటీరియర్, పక్క నుంచి అయితే లాటరల్, నిలువుగా కోసి ముందు భాగాన్ని తీసినట్టు కావాలంటే కరోనల్. ప్లేటో కుంగిన తీరు కరోనల్ చిత్రంలో బాగా కనబడుతుంది. అమ్మకపు బొమ్మలు అడ్డం వస్తుంటే ‘స్టాక్’, ‘వెక్టర్’ అనే మాటల ముందు మైనస్ గుర్తు పెట్టి తీసేయండి. రక్తపు గడ్డ, అన్నవాహిక, ఎముకల వైద్యం వంటి మాటలకు బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు వేరు. మన డాక్టర్లు బ్రిటిష్ పద్ధతిలో రాస్తారు, చిత్రాలు ఎక్కువగా అమెరికన్ స్పెల్లింగు కింద ఉంటాయి, కాబట్టి రెండు విధాలా కొట్టి చూడాలి.

మంచి బొమ్మ దొరికినా అది ఎవరు గీసిందో తెలియకపోతే టిన్‌ఐ లేదా గూగుల్ లెన్స్‌లో ఆ బొమ్మనే వేసి వెనక్కి వెతకండి. ఒకే చిత్రం ఎందరో బ్లాగర్లు కోసి, గుర్తులు చెరిపి పెట్టినది మూలంలో పూర్తిగా, పేర్లతో సహా దొరుకుతుంది. మూలం తెలియని చిత్రాన్ని ఏ డాక్టరూ తనదిగా చెప్పలేడు.

కడెం_ఒడ్డు
ఇంత రాసిన తరువాత కూడా ఎవరో ఒకరు ‘లింకు పెట్టండి’ అంటారు, చూడండి.

మానేరు_గట్టు
లింకు పెట్టండి.

చీకటి_గది
గ్రంథాలయం మేడమ్ చెప్పినదానికి ఒకటి చేర్చాలి. పుస్తకాలలో చేతులు, కాళ్లు చాలావరకు కుడివైపువే గీస్తారు. మీ క్లయింటుది ఎడమ కాలు. టిబియాకు బయటి పక్కన సన్నగా ఫిబులా ఉంటుంది, ముందు నుంచి చూస్తే కుడి కాలి బొమ్మలో అది ఒక పక్క ఉంటే ఎడమ కాలి బొమ్మలో ఎదురు పక్క ఉండాలి. బొమ్మను అద్దంలోలా తిప్పవచ్చు గాని, పేర్లు కూడా తిరగబడతాయి, కాబట్టి తిప్పిన తరువాత పేర్లు మళ్లీ రాయాలి. తిప్పినట్టు కింద స్పష్టంగా పేర్కొనాలి.

తల గాయాల కేసుల్లో ఇది ఇంకా ముఖ్యం. సి.టి. అడ్డుకోతను రోగి పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు పెడతాం కాబట్టి రోగి ఎడమ మీ కుడి పక్కన ఉంటుంది. పుస్తకంలో పై నుంచి చూసినట్టు గీసిన మెదడు బొమ్మను పక్కన పెడితే రక్తపు గడ్డ ఒకదానిలో ఎడమ, ఇంకొకదానిలో కుడి అయిపోతుంది. రకం కూడా సరిపోవాలి. ఎక్స్‌ట్రాడ్యూరల్ గడ్డ కటకంలా రెండు వైపులా ఉబ్బి ఉంటుంది, సబ్‌డ్యూరల్ గడ్డ నెలవంకలా పుర్రె వెంట పాకుతుంది. ‘బ్రెయిన్ హెమరేజ్’ అని వెతికి వచ్చిన మొదటి బొమ్మ పెడితే ఈ రెండూ కాని మూడోది వచ్చే అవకాశమే ఎక్కువ.

బీమా_వైపు_వకీలు
ఈ పోస్టును దాచుకుంటున్నాను. మీ పక్షం వాళ్లు చదవకపోతే నాకు చాలా కేసుల్లో పనికివస్తుంది.

బొగ్గుబాయి_లేబర్
మాది గోదావరిఖని వైపు, ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం కింద వేసిన కార్మికుల కేసులు చూస్తాను. మా దగ్గర బొమ్మ విలువ మరీ నేరుగా ఉంటుంది, ఎందుకంటే 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1923 నాటి ఆ చట్టం మొదటి షెడ్యూలు వేలి కణుపులను బట్టి శాతం ఇచ్చేది. చూపుడువేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముక పోకుండా కొన మాత్రమే తెగితే 5 శాతం. బొటనవేలు పోతే 30. గాయం సర్టిఫికెట్‌లో ‘క్రష్ ఇంజ్యురీ ఇండెక్స్ ఫింగర్’ అని మాత్రమే ఉంటే కమిషనర్ గారికి ఏ గడిలో వేయాలో తెలియదు. చేతి ఎముకల రేఖాచిత్రం ఒకటి తీసుకొని, డాక్టరు చేత కోత పడిన చోట గీత గీయించి సంతకం చేయిస్తాను. ‘హ్యాండ్ బోన్స్ ఫాలాంజెస్ డోర్సల్ వ్యూ’ అని వెతికితే చాలు, ఒకసారి దాచుకుంటే అన్ని కేసులకూ అదే బొమ్మ. మీకు కావలసినన్ని రకాలు మాకు అక్కర లేదు.

ఇందూరు_అడ్వకేట్
వినియోగదారుల కమిషన్‌లో వైద్య నిర్లక్ష్యం కేసులు నడిపేవాళ్లకు పరిస్థితి వేరు. మోటారు కేసులో గాయం ఉందని అందరూ ఒప్పుకుంటారు, మాకు ఆ గాయం ఎలా జరిగిందన్నదే వివాదం. పిత్తాశయాన్ని ల్యాప్రోస్కోపీతో తీసేటప్పుడు పిత్తనాళం తెగిన కేసు ఒకటి చూశాను. ‘గాల్‌బ్లాడర్ అనాటమీ’ అని వెతికితే ఆకుపచ్చటి పిత్తాశయం, నాళాలు విడివిడిగా, పాఠం చెప్పడానికి అలంకరించినట్టు వస్తాయి. ఆ బొమ్మ పెడితే ఇంత స్పష్టంగా కనబడే నాళాన్ని డాక్టరు ఎలా కోశాడని కమిషన్ సభ్యులకు అనిపిస్తుంది. ఎదుటి పక్షం నిపుణుడు వచ్చి, వాపు, అతుకులు ఉన్న కడుపులో ఆ రూపం ఉండదని, కొందరిలో నాళాలు పుట్టుకతోనే వేరే దారిలో కలుస్తాయని చెబితే మన బొమ్మ మొత్తం పడిపోతుంది, మన మీద నమ్మకం కూడా పోతుంది.

అందుకని ‘వేరియేషన్స్’ అనే మాట చేర్చి మరొకసారి వెతుకుతాను. నాళం గాయాలకు స్ట్రాస్‌బర్గ్ వర్గీకరణ ఉంది, ఎ నుంచి ఇ వరకు. ఆ పేరుతో వెతికితే గాయం ఏ చోట అన్నది రేఖాచిత్రంగా వస్తుంది, దాన్ని పిత్తనాళాల స్కాన్ అయిన ఎం.ఆర్.సి.పి. రిపోర్టు పక్కన పెట్టవచ్చు. కోయడానికి ముందు ఏం కనబడి ఉండాలి అన్న ప్రశ్నకు ‘క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ’ అనే పేరుతో బొమ్మలు దొరుకుతాయి. ఆ దృశ్యం సాధించామని ఆపరేషన్ నోట్సులో రాశారా లేదా అన్నదే అసలు వాదం. మనకు అనుకూలమైన బొమ్మను మాత్రమే వెతకడం కంటే ఎదుటివాడు తెచ్చే బొమ్మను కూడా ముందే చూసి ఉండడం మంచిది.

ఎముకల_డాక్టర్_కరీంనగర్
పిల్లల కేసుల్లో కూడా ఇదే చిక్కు. పెద్దల ఎముక బొమ్మలో ఎదుగుదల పలక ఉండదు. పదేళ్ల పిల్లవాడికి ఆ పలక దెబ్బతింటే కాలు పొట్టిదయ్యే ప్రమాదం ఉంటుంది, పరిహారంలో అదే పెద్ద అంశం. ‘సాల్టర్ హారిస్’ అని వెతకండి, ఆ పలక గాయాల అయిదు రకాలూ ఒకే వరుసలో గీసినవి దొరుకుతాయి.

మంజీరా_నీళ్లు
ఇదంతా బాగుంది గాని, పరాయివాళ్ల బొమ్మలు దించి కోర్టులో వేస్తే కాపీరైటు నోటీసు రాదా? మా ఆఫీసులో ఆ భయంతో చేతితో గీసినవే వాడతారు.

ఓరుగల్లు_వకీలు
1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్, (1)(డి) చూడండి. న్యాయ విచారణ కోసం ఏ రచననైనా పునర్ముద్రించడం ఉల్లంఘన కాదని సూటిగా ఉంది. ఆ భయం అక్కర లేదు.

గ్రంథాలయం_మూల
ఆ మినహాయింపు విచారణ వరకే వర్తిస్తుంది. అదే బొమ్మను తరువాత ఆఫీసు వెబ్‌సైటులోనో, న్యాయవాదుల శిక్షణ తరగతి స్లైడులలోనో పెడితే అది వేరే సంగతి, అక్కడ అనుమతి చూసుకోవాలి. డబ్బు కట్టి తీసుకున్న చిత్రాలకు కొనుగోలు ఒప్పందపు షరతులు కూడా ఉంటాయి. వాటర్‌మార్క్ ఉన్న నమూనాను అలాగే ముద్రించి ఫైలులో పెట్టడం చట్టప్రకారం ఎలా ఉన్నా, చూడడానికి మాత్రం బాగుండదు.

రామప్ప_రాయి
ఇంత వెతుకులాట ఎందుకు? కృత్రిమ మేధకు ‘ఎడమ టిబియల్ ప్లేటో, ఆరో రకం’ అని చెబితే నిమిషంలో గీసి ఇస్తుంది కదా.

చీకటి_గది
క్లయింటు ఒకరు అటువంటిదే తయారుచేయించి తెచ్చారు. మోకాలి కింద ఉండవలసిన రెండు ఎముకలకు బదులు ఒకటే ఉంది, పేర్లు రాసినచోట ఏ భాషకూ చెందని అక్షరాలు ఉన్నాయి. చూపు తిప్పుకోలేనంత అందంగా మాత్రం ఉంది.

బీమా_వైపు_వకీలు
దయచేసి అందరూ అవే వాడండి. నా క్రాస్ సగం తగ్గుతుంది.

ఓరుగల్లు_వకీలు
రామప్ప గారూ, బొమ్మలోని ప్రతి గీతకూ డాక్టరు జవాబు చెప్పవలసి ఉంటుంది. యంత్రం గీసినదాంట్లో ఆ గీత అక్కడ ఎందుకు ఉందో ఎవరూ చెప్పలేరు. నేనైతే అటువంటిదాన్ని ఫైలు దరిదాపులకు రానివ్వను.

నిర్మల్_కుంచె
నేను చిత్రకారుణ్ణి, ఒక న్యాయవాది అడిగితే ఈ పని మొదలుపెట్టాను. వెతికినా సరిగ్గా సరిపోయే బొమ్మ దొరకనప్పుడు గీయించుకోవడమే మార్గం. వెతికి తెచ్చిన బొమ్మను కొలతల కోసం, పేర్ల కోసం ఆధారంగా పెట్టుకుంటాను. పగులు గీత మాత్రం రోగి ఎక్స్‌రే మీద పారదర్శక కాగితం పరిచి దానినుంచే తీసుకుంటాను. తరువాత డాక్టరు చూసి, తప్పు ఉన్నచోట పెన్సిలుతో దిద్ది, సంతకం పెడతారు. అప్పుడు బీమా వైపు సారు అడిగే ‘ఎవరి కాలు’ అన్న ప్రశ్నకు ‘ఇతనిదే’ అని చెప్పవచ్చు. అమెరికాలో దీనికోసం ప్రత్యేక చదువు ఉంది, మాక్స్ బ్రోడెల్ అనే చిత్రకారుడు 1911లో జాన్స్ హాప్కిన్స్‌లో ఆ విభాగం ప్రారంభించాడు. మన దగ్గర అటువంటి చదువు చదివినవాళ్లు దొరకడం కష్టం కాబట్టి డాక్టరు పక్కన కూర్చోకుండా గీయకూడదు.

మానేరు_గట్టు
నిర్మల్ వాళ్లంటే మోకాలికి బంగారు రంగు వేస్తారేమోనని భయపడ్డాను.

నిర్మల్_కుంచె
అడిగితే వేస్తాం, కోర్టుకు మాత్రం నలుపు గీతే. పగులు ఒక్కదానికి నీలం వాడతాను. ఎరుపు వాడితే ఎదుటి వకీలు లేచి నిలబడతారు.

హనుమకొండ_జూనియర్
ఆసుపత్రి నుంచి సి.టి. రిపోర్టు వచ్చింది. రెండు వైపులా విరిగిందని, కీలు తలం కుంగిందని, కాండం నుంచి విడిపోయిందని ఉంది. డాక్టరు గారు షాట్జ్‌కర్ ఆరో రకం అని రాసి సంతకం పెట్టారు. ఆ రకం చిత్రం, ఆరోగ్యకరమైన మోకాలి కరోనల్ చిత్రం దొరికాయి. ఇప్పుడు వచ్చిన అనుమానం, ఇవి ఇంటర్నెట్ నుంచి దించినవి కాబట్టి సాక్ష్య అధినియమ్‌లో ఎలక్ట్రానిక్ రికార్డులకు అడిగే 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలా?

ఇందూరు_అడ్వకేట్
జత చేయండి. పాత సాక్ష్య చట్టంలోని 65-బి స్థానంలో వచ్చిన 63(4) సర్టిఫికెట్‌లో ఇప్పుడు రెండు భాగాలు ఉన్నాయి, ఒకటి దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా రాయాలి. శ్రమ ఎక్కువే గాని, తరువాత అభ్యంతరం వచ్చినప్పుడు వెతుక్కోవడం కంటే మేలు.

ఓరుగల్లు_వకీలు
నేను ఒప్పుకోను. వెబ్‌సైటులో ఏముందో రుజువు చేయడం మన ఉద్దేశం కాదు. డాక్టరు తన వాంగ్మూలంలో భాగంగా ఒక కాగితం మీద గీసి చూపితే దానికి ఎలక్ట్రానిక్ సర్టిఫికెట్ అడుగుతామా? ముద్రించిన చిత్రాన్ని డాక్టరు తన అఫిడవిట్‌లో చేర్చుకొని, నా అభిప్రాయాన్ని వివరించడానికి వాడాను అంటే అది అతని మాటలో భాగం.

ఇందూరు_అడ్వకేట్
గీసి చూపినదానికి అడగం, దించి ముద్రించినదానికి అడిగే జడ్జి ఉండవచ్చు. మీ వాదన నెగ్గినా ఒక వాయిదా పోతుంది.

బీమా_వైపు_వకీలు
నిజం చెప్పాలంటే, ట్రిబ్యునల్‌లో ఆ అభ్యంతరం నేను వేస్తే ‘అభ్యంతరానికి లోబడి’ అని మార్కు చేసి ముందుకు సాగుతారు. సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా నేను పట్టుకునేది డాక్టరునే. ఆ బొమ్మ ఏ పేజీ నుంచి, ఏ తేదీన దించారో కింద రాసి ఉంటే నాకు అడగడానికి తక్కువ మిగులుతుంది.

బొగ్గుబాయి_లేబర్
సర్టిఫికెట్ గొడవ వద్దనుకుంటే, అదే చిత్రం ఉన్న అచ్చు పుస్తకం గ్రంథాలయంలో దొరుకుతుందేమో చూసి, ఆ పేజీ జిరాక్సు మీద డాక్టరు సంతకం తీసుకోండి. మేము ఎప్పుడూ అలాగే చేస్తాం.

గ్రంథాలయం_మూల
పుస్తకం పేరు ఉన్న మొదటి పేజీని, ముద్రణ సంవత్సరం ఉన్న పేజీని కూడా జిరాక్సు తీయించండి. చిత్రం ఒక్కటే తెచ్చి, అది ఏ ముద్రణలోదని మళ్లీ నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది.

హనుమకొండ_జూనియర్
సీనియర్‌తో మాట్లాడాను. డాక్టరు గారి అఫిడవిట్‌లో చేర్చి, మూలం, తేదీ కింద రాసి, సర్టిఫికెట్ కూడా సిద్ధంగా ఉంచుకుంటాం. ఒక చిన్న సందేహం, ఎంత సైజులో ముద్రించాలి?

చీకటి_గది
ఎ3 కాగితం, మెరవనిది. మెరిసే ఫొటో కాగితం మీద ట్యూబులైటు పడితే ఏమీ కనబడదు. ఆరోగ్యకరమైన మోకాలు ఎడమ పక్కన, విరిగినది కుడి పక్కన, రెండూ ఒకే కొలతలో, ఒకే దిక్కు నుంచి చూసినట్టు పెట్టండి.

ఎముకల_డాక్టర్_కరీంనగర్
పేర్లు తెలుగులో కూడా రాయండి. టిబియా, ఫిబులా, మృదులాస్థి, అంతే చాలు. పుస్తకం బొమ్మలో ఉన్న ఇరవై పేర్లలో మీ కేసుకు సంబంధం లేనివన్నీ తీసేయించండి. లేకపోతే క్రాస్‌లో వాటి గురించి కూడా అడుగుతారు.

బీమా_వైపు_వకీలు
అడుగుతాం. ఎదుటి పక్షానికి ఇచ్చే ప్రతి కూడా రంగులోనే ఇవ్వండి, నలుపు జిరాక్సు ఇస్తే ఆ నీలం గీత నాకు కనబడలేదని వాయిదా అడుగుతాను.